పట్టికలో లేని భూకంపము
1967వ సంవత్సరపు జాబితాపై ఒక విమర్శ

ఆయా సంవత్సరములలో ప్రపంచమందు సంభవించిన పెద్ద భూకంపములను జాబితాగా వ్రాసి గోడకు తగిలించుట మన ఉన్నత పాఠశాలలలో చిరకాలముగా ఉన్న అలవాటు. సామాన్య విజ్ఞాన పుస్తకములును ఈ పద్ధతినే అనుసరించుచున్నవి. కృష్ణా మెట్టప్రాంతమున జగ్గయ్యపేట, నందిగామల నడుమనున్న ఒక పాఠశాల విజ్ఞాన ప్రదర్శనలో అట్టి పటమొకటి నా కంటబడినది. అది 1967వ సంవత్సరమునకు చెందినది. అందులో నాలుగు వరుసలున్నవి. జూలై 22, టర్కీలోని ముదుర్ను లోయ, పరిమాణము 7.1. జూలై 29, వెనెజువేలా రాజధాని కరాకస్, 6.6. నవంబరు 30, అల్బేనియా, యుగోస్లావియా సరిహద్దున దిబ్ర, 6.6. డిసెంబరు 11, మహారాష్ట్రలోని కోయనా, 6.3.

అక్షరములు ముచ్చటగా ఉన్నవి. తేదీలలో తప్పు లేదు. పరిమాణముల అంకెలు గ్రంథమునకు గ్రంథమునకు కొలది భేదముతో ఉండుట సహజము గనుక వానిని గూర్చి పేచీ లేదు. అయినను ఆ పటము ముందు కొంతసేపు నిలిచిన తరువాత, నిజమైన అంకెలతోనే అసంపూర్ణమైన భావమును కలిగించుట సాధ్యమేనని నాకు తోచినది. వ్రాసిన పిల్లల శ్రమను తక్కువచేయుట నా ఉద్దేశము కాదు. వారికి మనము అందించిన అచ్చును గూర్చియే ఈ విమర్శ.

మొదటి లోపము పట్టికలో లేని వరుస. 1967 మార్చి 27న ఒంగోలు ప్రాంతమున భూమి కంపించినది. దాని పరిమాణము 5.4. జగ్గయ్యపేటకు ఒంగోలు సుమారు 150 కిలోమీటర్ల దూరము. ఆ యేటి భూకంపములలో తెలుగు విద్యార్థికి మొదట తెలియవలసినది ఇదే గదా! కాని ‘పెద్దవి’ అను జల్లెడ పట్టగనే ఇది క్రిందికి జారిపోయినది. కరాకస్ పేరు నేర్చిన బాలునికి ఒంగోలు సంగతి తెలియదు. దూరపు కొండలు నునుపన్నట్లు, దూరపు భూకంపములు పాఠములగుచున్నవి. దగ్గరివి మరుపున పడుచున్నవి.

దీనివలన కలుగు నష్టము జ్ఞాపకశక్తికి సంబంధించినది మాత్రమే కాదు. ‘దక్కను పీఠభూమి ప్రాచీనమైనది, గట్టిది, ఇచ్చట భూకంపములు రావు’ అను వాక్యము మన తరగతి గదులలో ఇప్పటికిని వినిపించుచున్నది. ఇందు మొదటి రెండు మాటలు నిజము. మూడవది వానినుండి పుట్టదు. గట్టి శిలలోనూ పాత భ్రంశములు, అనగా ప్రాచీన కాలమున శిల పగిలి జరిగిన తావులు ఉండును. భూఫలకముల నెట్టుడు వానిపై మెల్లగా ఒత్తిడిని కూడబెట్టుచునే యుండును. ఆ ఒత్తిడి విడుదలయగుటకు హిమాలయములందువలె తరచు కాక, దీర్ఘకాలమునకొకసారి అవకాశము కలుగును. అరుదుగా వచ్చుట వేరు, రాకపోవుట వేరు.

ఈ పొరపాటును పెద్దలును చేసిరి. 1960వ దశకములో మన దేశమునకు తయారైన భూకంప మండలముల పటములో ‘సున్న’ అను మండలము ఒకటి ఉండెడిది. దక్షిణాపథమున విస్తారమైన భాగము అత్యల్పమైన అపాయము గలదిగా చూపబడినది. కోయనాయు అట్టి భాగములోనిదే. 1967 డిసెంబరు 11 తెల్లవారుజామున జనులు నిద్రలో ఉండగా అచ్చట భూమి కంపించి, సుమారు 180 మంది మరణించిరి. 1970లో పటమును సవరించినపుడు ఆ సున్నను తొలగించిరి. 1967వ సంవత్సరము భారతీయ విజ్ఞానమునకు నేర్పిన గొప్ప పాఠము ఇది: ఈ దేశమున భూకంపభయము సున్నయైన చోటు లేదు. కాని ఈ పాఠము మన గోడపటములో ఏ గడిలోను చోటు చేసికొనలేదు. 1993 సెప్టెంబరు 30న లాతూరు ప్రాంతమున వేలమంది మరణించినపుడు, ఆ ప్రాంతమును అప్పటి పటములో కనిష్ఠ మండలమునందే ఉండినది. ఒకే పాఠమును రెండుసార్లు నేర్చుకొనవలసివచ్చినది.

రెండవ లోపము వరుసల క్రమమును చదువు తీరులో ఉన్నది. పట్టిక పరిమాణమును మాత్రమే చూపినపుడు, అంకె పెద్దదైనచో అపాయము పెద్దదని విద్యార్థి తలచును. రిక్టరు 1935లో ప్రవేశపెట్టిన మానము ప్రకారము ఒక అంకె పెరిగినచో అలల ఎత్తు పదిరెట్లు, వెలువడు శక్తి సుమారు 32 రెట్లు పెరుగును. ఈ లెక్కన ముదుర్నులో వెలువడిన శక్తి కోయనాలో వెలువడినదానికి సుమారు పదహారు రెట్లు. అయినను ముదుర్నులో మరణించినవారు దాదాపు తొంబదిమంది. కోయనాలో దానికి రెట్టింపు. శక్తి పదహారింట ఒక వంతు, మరణములు రెండింతలు! ఈ విరోధమును విద్యార్థి ముందుంచి ‘ఎందుచేత?’ అని అడుగుటయే విజ్ఞాన బోధన. మన పటము ఆ ప్రశ్నకు తావీయదు.

సమాధానము మూడు విషయములలో ఉన్నది: వేళ, నేల, కట్టడము. కోయనాలో అది శీతకాలపు తెల్లవారుజాము. జనులు ఇండ్లలో ఉండిరి. బరువైన రాతిగోడలు గట్టి బంధము లేక కూలినవి. కరాకస్ కథ వేరు. అచ్చట భూకంపనాభి నగరము క్రింద లేదు. లోయలో ఒండ్రు మందముగా పేరుకొన్న భాగమున పది, పన్నెండు అంతస్తుల భవనములు కొన్ని కూలిపోయినవి. గట్టి రాతికి సమీపమున ఉన్న కట్టడములు అంతగా చెడలేదు. దీని కారణమును ఉయ్యాలను చూచి గ్రహింపవచ్చును. ఉయ్యాలకు తనదైన ఊపుకాలము ఉండును. ఆ కాలమునకు సరిగా తోసినచో చిన్న తోపుతోనే అది ఎత్తుకు పోవును. ఎత్తైన భవనము మెల్లగా ఊగును. మందమైన ఒండ్రునేలయు మెల్లగా ఊగును. రెండును కలిసినపుడు ఊపు పెరుగును.

ఇది వెనెజువేలా సంగతి మాత్రమేనా? మన మెట్టను చూడుడు. జగ్గయ్యపేట చుట్టును సున్నపురాయి పైకి తేలియున్నది. ఆ రాతిని నమ్ముకొనియే సిమెంటు కర్మాగారములు వెలసినవి. నల్లరేగడి దానిపై పరచుకొన్నది. తూర్పునకు పోయి డెల్టాలో ప్రవేశించినచో కృష్ణ తెచ్చి పోసిన ఒండ్రు మందముగా ఉండును. కావున ఒకే కంపనము జగ్గయ్యపేటలో ఒకవిధముగను గుడివాడలో మరియొకవిధముగను తోచుటకు అవకాశము కలదు. పైగా, క్రింద వాహనములకు స్థలము విడిచి, వట్టి స్తంభములపై అంతస్తులు లేపు భవనములు నేడు చిన్న పట్టణములలోను కనబడుచున్నవి. గోడలు లేని ఆ క్రింది అంతస్తు తగిన బలముతో కట్టబడనిచో పై బరువంతయు అచ్చటనే ప్రక్కకు వంగును. కరాకస్ వరుసను ఈ విధముగా చదివినపుడు గదా అది నందిగామ విద్యార్థికి పనికివచ్చుట!

మూడవ లోపము సంవత్సరమనెడు కొలత. జనవరి ఒకటవ తేదీని భూమి ఎరుగదు. పరిమాణము 7 దాటిన భూకంపములు ప్రపంచమున ఏటేట సగటున పదునైదు సంభవించును. ఒక యేడు పది, మరియొక యేడు ఇరువది. కనుక ఏ సంవత్సరమును తీసికొన్నను అది ‘భూకంపముల సంవత్సరము’గనే కనబడును. వారము రోజుల తేడాతో ముదుర్ను, కరాకస్‌లు ప్రక్కప్రక్కన నిలుచుట చూచి, ఒకటి రెండవదానిని పిలిచినదని పిల్లలు ఊహింతురు. ఆ రెండును వేరువేరు ఫలకముల సరిహద్దులకు చెందినవి; నడుమ సముద్రములు, ఖండములు ఉన్నవి.

విచిత్రమేమనగా, లేని సంబంధమును తోపించు ఈ పట్టికయే ఉన్న సంబంధమును దాచుచున్నది. ముదుర్ను భూకంపము ఉత్తర అనతోలియా భ్రంశముపై వచ్చినది. అదే భ్రంశముపై 1939లో తూర్పున ఎర్జింజాన్ వద్ద మహాకంపనము పుట్టినది. ఆ తరువాత 1942, 1943, 1944, 1957, 1967 సంవత్సరములలో పెద్ద కంపనములు మొత్తముమీద పడమరగా సాగినవి. 1999లో వంతు ఇజ్మిత్‌ది; పదునేడువేలమందికి పైగా మరణించిరి. ఒకచోట భ్రంశము జారినపుడు అచ్చటి ఒత్తిడి తగ్గి, దాని కొసల వద్ద ఒత్తిడి పెరుగుట ఇందుకు కారణము. ఈ కథ అరువది సంవత్సరములది. 1967 అను కత్తెరతో కత్తిరించినచో ఒక ముక్క మాత్రము మిగులును.

కోయనాయు అంతే. 103 మీటర్ల ఎత్తుగల ఆ ఆనకట్ట వెనుక 1960వ దశకపు తొలి సంవత్సరములలో నీరు నింపుట ఆరంభమైనది. తరువాత చిన్న కంపనములు పెరిగినవి. 1967లో పెద్దది వచ్చినది. అటుపిమ్మట దశాబ్దముల తరబడి అవి ఆగలేదు. నీటి బరువు, రాతి పగుళ్ళలోనికి ఇంకిన నీటి పీడనము కలిసి, అప్పటికే ఒత్తిడితో ఉన్న భ్రంశమును జారుటకు తోడ్పడునని శాస్త్రజ్ఞులు భావింతురు. హైదరాబాదులో 1961లో స్థాపితమైన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఈ విషయమున చిరకాలముగా కృషిచేసినది.

ఈ సంగతి మనకు మిక్కిలి దగ్గరిది. 2020 జనవరి 26 తెల్లవారుజామున పులిచింతల జలాశయ ప్రాంతమున కంపనము కలిగి, జగ్గయ్యపేట, నందిగామ ప్రజలు నిద్రలేచి వీధులలోనికి వచ్చిరి. దాని పరిమాణము 5కు లోపే. వెంటనే రెండు మాటలు పుట్టినవి. ‘ఆనకట్టయే దీనికి కారణము’ అని కొందరు. ‘గట్టినేలపై ఆనకట్టకు భూకంపమునకు ఏమి సంబంధము?’ అని కొందరు. రెండును తొందరపాటు తీర్పులే. దగ్గరగా ఉండుట కారణమగుటకు రుజువు కాదు. కోయనా ఉదాహరణము ఉండగా సందేహమును కొట్టివేయుటయు తగదు. 45.77 టి.ఎం.సి.ల నీటిని నిలుపు ఆ జలాశయమున నీటిమట్టము పెరిగిన, తరిగిన కాలములను కంపనముల సంఖ్యతోను, లోతుతోను చాలకాలము సరిపోల్చి చూచుటయే మార్గము. ఈ వివేకము మన విద్యార్థులకు ఆనాడు లేకపోయినచో ఆ లోపము వారిది కాదు. కోయనాను ‘డిసెంబరు 11, 6.3’ అని మాత్రమే నేర్పిన మనది.

ఇంతమాత్రమున పట్టికను చించివేయవలెనని నేననను. దేశములను, తేదీలను ఒక చోట చేర్చి ప్రపంచదృష్టి నిచ్చుట దాని గుణము. దానిని మరికొంత విశాలము చేయవలెను. పరిమాణము గడి ప్రక్కన తీవ్రత గడి ఉండవలెను. పరిమాణము భూకంపమునకంతకు ఒకటే. తీవ్రత ఊరూరికి మారును. దీపము ఒకటే అయినను వెలుగు గదిగదికి మారుట వంటిదే ఇది. వేళ, నాభి లోతు, నేల, కూలిన కట్టడముల రకము అను గడులను చేర్చవలెను. చివరి గడిలో ‘మన ఊరికి దూరము’ అని వ్రాయవలెను. ఒంగోలు 150 కిలోమీటర్లు, కోయనా సుమారు 670. అప్పుడు ఒంగోలు వరుస తనంతట తానే పట్టికలోనికి వచ్చును. దాని క్రింద 1969 ఏప్రిల్ 13 నాటి భద్రాచలము, 5.7, 2024 డిసెంబరు 4 నాటి ములుగు, 5.3 చేరును. ఈ రెండును గోదావరి పగులులోయకు చెందినవే. వాని నడుమ వ్యవధి యేబదియైదేండ్లు.

తరువాతి పని విద్యార్థులది. డెబ్బదియేండ్లు దాటిన పెద్దలను కలిసి 1967లోను 1969లోను వారేమి గమనించిరో అడిగి వ్రాసికొనవలెను. పాత్రలు కదలినవా, గోడలు బీటలు వారినవా, బావినీరు అలలాడినదా? 2020, 2024 సంవత్సరముల సంగతి ఇంటింట అడుగవచ్చును. జగ్గయ్యపేట, వత్సవాయి, పెనుగంచిప్రోలు, నందిగామ, కంచికచర్ల, ఒక్కొక్క ఊరికి ఒక్కొక్క అంకె వేసి పటము గీచినచో, నేలకును తీవ్రతకును గల సంబంధము వారి చేతిలోనే తేలును. జ్ఞాపకము మసకబారునన్నది నిజము. ముగ్గురు నలుగురు చెప్పినదానిని పోల్చి చూచుటయు శాస్త్రాభ్యాసమే.

భూకంపము వచ్చు దినమును ముందుగా చెప్పగల విద్య ఇంతవరకు లేదు. చేయగలిగినది రెండే: రాగలదని ఎరుగుట, వచ్చినపుడు కూలని గోడ కట్టుట. మొదటిది బడిలో పుట్టవలెను. కంపించుచున్న క్షణమున మెట్లవైపు పరుగిడక బల్లక్రింద తలదాచుకొనవలెనని తెలిసిన పిల్లవాడు, తన ఇంటికి పునాది తీయునాడు మేస్త్రిని నాలుగు ప్రశ్నలు అడుగును. ఆ ప్రశ్నలు అడిగింపగల పట్టికయే మంచి పట్టిక.

వచ్చే ప్రదర్శనకు ఆ గోడపటమును మరల వ్రాయునపుడు, అధ్యాపకులారా, మొదటి వరుసలో మార్చి 27ను వ్రాయింపుడు.