రేకు దించే పనితనం

మాదాపూర్ అద్దాల మేడల వెనక సందుల్లోకి వెళ్తే మెకానిక్ షెడ్లు, గోదాములు, వాటి మీద నల్లబడ్డ సిమెంటు రేకులు. ఏ కంపెనీ రేకైనా జనం నోట మాత్రం ‘చార్మినార్ రేకే’. ఆ పేరుతో 1946లో పుట్టిన హైదరాబాద్ కంపెనీ అమ్మిన సరుకు ఊరూరా అంతగా పాకింది మరి.

పాత రేకుల్లో సిమెంటుతో పాటు ఆస్బెస్టాస్ పోగులుంటాయి. రేకు గట్టిగా ఉన్నంతకాలం అవి కదలవు. పగిలినా, కోసినా గాల్లోకి లేస్తాయి. ఊపిరితిత్తుల్లో చేరితే జబ్బు బయటపడటానికి 20, 30 ఏళ్లు పట్టొచ్చు. కాబట్టి బాగున్న రేకు జోలికి పోకపోవడమూ పనితనమే.

దించక తప్పదా? తెలిసిన మేస్త్రీ ముందు సుత్తులు పక్కన పెట్టిస్తాడు. రేకును సన్నటి జల్లుతో తడుపుతాడు. తుప్పుపట్టి తిరగని జె బోల్టును తుంచుతాడు గానీ రేకును పగలనివ్వడు. పైన పరిచిన చెక్క పలకల మీదే నడుస్తూ, నిండు రేకును చేతుల మీదుగా దించి, మందపాటి పాలిథిన్‌లో చుట్టిస్తాడు. చీపురు ముట్టనివ్వడు, తడిగుడ్డే. ముఖానికి చేతిరుమాలు చాలదు, సరైన ఫిల్టరున్న మాస్కు ఉండాలి. చదరపు అడుగుల లెక్కన కూలి కట్టే కాంట్రాక్టరుకు ఈ నిదానం నచ్చదు, అది వేరే సంగతి.

ఫాల్స్ సీలింగులో, పైపులకు చుట్టిన పొరలో ఆస్బెస్టాస్ ఉందో లేదో మాత్రం కంటిచూపుకు చిక్కదు. ముక్కను ల్యాబుకు పంపాల్సిందే.

ఆస్బెస్టాస్ కార్మికుల ఆరోగ్య రికార్డులు కనీసం 40 ఏళ్లు భద్రపరచాలని 1995లో సుప్రీంకోర్టు ఆదేశించింది. అడ్డా మీద నుంచి రోజుకూలికి వచ్చి రేకులు దించేవాళ్లకు ఆ రికార్డు రాసేదెవరు?