మీరీన్‌లో ఇరుక్కున్న పాఠకులు

జార్జ్ ఆర్.ఆర్. మార్టిన్ నవలల వరసలో ఐదోదైన ‘ఎ డాన్స్ విత్ డ్రాగన్స్’ 2011 జులై 12న విడుదలైంది. అమెరికాలో అచ్చు పుస్తకం, ఈబుక్, ఆడియో అన్నీ కలిపి మొదటిరోజే దాదాపు 3 లక్షల ప్రతులు అమ్ముడయ్యాయి. కొన్నవాళ్లు చదవడం పూర్తిచేసేసరికి రెండు జట్లయ్యారు. ఈ వరసలో ఇంత లోతుగా రాసిన పుస్తకం మరొకటి లేదని ఒక జట్టు. ఆరేళ్లు ఎదురుచూసి వెయ్యి పేజీలు చదివితే కథ అంగుళం కదల్లేదని రెండో జట్టు. ఇన్నేళ్లయినా ఆ తగువు తేలలేదు. ఇద్దరు అభిమానులు ఎక్కడ కలిసినా మళ్లీ మొదలవుతుంది.

నా మాట ముందే చెప్పేస్తాను. అది మంచి పుస్తకం, కానీ చివర తెగ్గొట్టిన పుస్తకం. ఎందుకంటున్నానో చెప్పాలంటే కథలో మలుపులు బయటపెట్టక తప్పదు. ఇంకా చదవనివాళ్లు, చదవాలని ఉన్నవాళ్లు ఇక్కడే ఆగిపోయినా నేనేమీ అనుకోను.

ఈ వరస ఆధారంగా టీవీలో వచ్చిన ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ మాత్రమే చూసినవాళ్ల కోసం కాస్త వెనక్కి వెళ్దాం. ఈ కథంతా మూడు పుస్తకాల్లో అయిపోతుందని మార్టిన్ మొదట అనుకున్నారు. ఇప్పటి లెక్క ఏడు. మొదటిది 1996లో, రెండోది 1998లో, మూడోది 2000లో వచ్చాయి. మూడోదైన ‘ఎ స్టార్మ్ ఆఫ్ సోర్డ్స్’లో ఒక పెళ్లిలో ఊచకోత, ఇంకో పెళ్లిలో రాజుగారికి విషం. ఊపిరి తీసుకోనివ్వదు. దాని తర్వాత కథను ఒక్కసారిగా ఐదేళ్లు ముందుకు దూకించాలని ఆయన ఆలోచన. ఆర్యా, బ్రాన్ లాంటి పిల్లలు పెద్దవాళ్లవుతారు, డ్రాగన్ పిల్లలు ఎదుగుతాయి. అలా కొంత రాసి, 2001లో ఆ ఆలోచన వదిలేశారు. పిల్లలకి ఐదేళ్లు గడిచిపోతే ఇబ్బంది లేదు. కొడుకు సింహాసనం పక్కన కాచుకుని ఉన్న సెర్సీ, ఉత్తరాన గోడ దగ్గర అప్పుడే కమాండర్ అయిన జాన్ స్నో అన్నాళ్లు చేతులు ముడుచుకు కూర్చోరు కదా. ఆ మధ్యకాలంలో జరిగిందంతా వాళ్లు గుర్తుచేసుకుంటూ చెప్పాల్సి వచ్చింది. రాస్తున్నవాడికే అది రుచించలేదు. సరే, ఆ ఖాళీనే కథగా రాద్దామని కూర్చుంటే ఒక పుస్తకంలో పట్టలేదు.

అప్పుడు ఆయన చేసిన పనే ఈ తగువుకి మూలం. కథను మధ్యలో తెంపి మొదటి సగం, రెండో సగం అని ఇవ్వలేదు. మనుషుల్ని పంచారు. సెర్సీ, జైమీ, బ్రియెన్ వంటివాళ్లు 2005లో వచ్చిన ‘ఎ ఫీస్ట్ ఫర్ క్రోస్’కి వెళ్లారు. జాన్, డెనేరిస్, టిరియన్, అంటే పాఠకులు ప్రాణం పెట్టుకున్న ముగ్గురికీ, అందులో ఒక్క అధ్యాయమూ లేదు. పుస్తకం చివర ఒక చిన్న నోట్: మిగతావాళ్లు వచ్చే ఏడాది వస్తారని ఆశిస్తున్నానని. ఆ వచ్చే ఏడాది 2011లో వచ్చింది.

మధ్య భాగం ఆలస్యంగా రావడం తెలుగువాళ్లకి కొత్త కాదు. నన్నయ అరణ్యపర్వంలో ఆపేస్తే తిక్కన విరాటపర్వం నుంచి అందుకుని చివరిదాకా నడిపించాడు. నడుమ మిగిలిన ముక్కను ఆ తర్వాతి శతాబ్దంలో ఎర్రన పూరించాడు. కాకపోతే భారత కథ అందరికీ తెలిసిందే. పద్యం కోసం ఆగారేమో కానీ, భీముడు బతుకుతాడో లేదో తెలియక ఎవరూ ఆగలేదు.

తర్వాతేమవుతుందో తెలియక ఆగడం మా తరానికి నేర్పింది ‘చందమామ’. దాసరి సుబ్రహ్మణ్యం 1954లో ‘తోకచుక్క’తో మొదలుపెట్టి ‘రాకాసిలోయ’, ‘పాతాళదుర్గం’ అంటూ ఏళ్ల తరబడి సీరియళ్లు రాశారు. నెలనెలా మాంత్రికుడి చేతిలోనో భల్లూకం నోటి దగ్గరో హీరోని వదిలేసేవారు. చిత్రా గారి బొమ్మ చూస్తూ నెల గడిపేసేవాళ్లం. మా ఇంట్లో ఆ నెల్లాళ్లూ పందేలే. అయినా ఎవరికీ కోపం రాలేదు. వచ్చే నెల పుస్తకం వస్తుందని తెలుసు కాబట్టి. తేదీ తెలిసిన ఎదురుచూపు సరదాగానే ఉంటుంది. తేదీ లేనిది మెల్లగా బాకీ అయిపోతుంది. మార్టిన్ పాఠకులకి 2006 నుంచి జరిగింది ఇదే. 2009లో ఒక పాఠకుడు నీల్ గేమన్‌ని ఇదే అడిగాడు: మార్టిన్ మమ్మల్ని నిరాశపరుస్తున్నట్టు కాదా అని. రచయిత మీకు నౌకరు కాడని గేమన్ ఘాటుగానే జవాబిచ్చారు. సగం ఒప్పుకుంటాను. నాలుగో పుస్తకానికి డబ్బులిచ్చి ఐదోదాన్ని కొనుక్కోలేదు, నిజమే. కానీ ‘వచ్చే ఏడాది’ అని అచ్చులో రాసింది పాఠకుడు కాదు.

ఎదురుచూసేవాడు ఊరికే ఉండడు. ఆ ఆరేళ్లలో జాన్ తల్లిదండ్రులెవరో తేల్చేశారు, టిరియన్ వెళ్లి డెనేరిస్‌తో ఏం మాట్లాడతాడో ఊహించేశారు, డ్రాగన్లు ఎప్పుడు సముద్రం దాటతాయో లెక్కలు కట్టారు. మార్టిన్ పుస్తకం చేతికొచ్చేసరికి ప్రతివాడి తలలో ఒక ఐదో పుస్తకం సిద్ధంగా ఉంది. అసలు పుస్తకం వెళ్లి దానితో పోటీపడాల్సి వచ్చింది. మా అక్క కొడుకు టీవీ చూశాక ఐదూ ఒకే వేసవి సెలవుల్లో చదివాడు. “మీరీన్ భాగం అంత బోరని నీకెవరు చెప్పారు పిన్నీ? నాకు అదే నచ్చింది,” అన్నాడు. వాడు ఆరేళ్లు ఆగలేదు. నాలుగోది మూసి ఐదోది తెరిచాడు, అంతే.

తిట్లు ఎక్కువగా పడింది మీరీన్‌కే కాబట్టి అక్కడే కాసేపు ఉందాం. మూడో పుస్తకం చివర డెనేరిస్ ఆ నగరాన్ని గెలిచి, బానిసల్ని విడిపించి, ఇక్కడే ఉండి పరిపాలిస్తానంటుంది. మామూలు ఫాంటసీ అయితే కథ అక్కడ కంచికి వెళ్లాలి. ఐదో పుస్తకం అక్కడ మొదలవుతుంది. రాత్రయితే రహస్య హంతకులు ఆమె సైనికుల్ని, విముక్తులైన బానిసల్ని చంపుతుంటారు. ఒక తండ్రి మూటలో కాలిన ఎముకలు తెచ్చి ఆమె ముందు విప్పుతాడు. అవి అతని చిన్న కూతురివి. చంపింది ఆమె డ్రాగన్. డ్రాగన్ల తల్లినని చెప్పుకున్న పిల్ల, దొరికిన రెండింటినీ గోతిలో గొలుసులతో కట్టించాల్సి వస్తుంది. వెనక వదిలి వచ్చిన నగరం కూలిపోయి, అక్కడి రోగం ఈ గోడల దాకా వస్తుంది. శాంతి కోసం ఇష్టంలేని పెళ్లి, మూయించిన కుస్తీ గోదాలు మళ్లీ తెరవడం, కోట గోడ బయటే బానిసల సంత. ఒక్కో రాజీ చదువుతుంటే ఒళ్లు మండుతుంది. ఆమె చేయగలిగింది అంతకన్నా ఏముందని అడిగితే జవాబు దొరకదు. గోడ దగ్గర జాన్‌దీ అదే గొడవ. చలికాలానికి తిండిగింజలు ఎన్నాళ్లొస్తాయో లెక్క చూసుకుంటూ, తరతరాల శత్రువుల్ని లోపలికి రానిస్తాడు. సొంతవాళ్లే కత్తులు దించుతారు. ఏమీ జరగలేదన్నవాళ్లు వెతికింది యుద్ధాన్ని. యుద్ధం గెలిచాక కుర్చీలో కూర్చోవడం ఎలా ఉంటుందో ఇంత ఓపికగా రాసిన ఫాంటసీ నవల నేను మరొకటి చదవలేదు.

అలాగని అన్నిటికీ వత్తాసు పలకను. టిరియన్ ప్రయాణం సాగదీతే. నది మీద పడవ, ఓడ, బానిసల సంత, సర్కస్ వేషం, ఆ దారంతా ఒకే ప్రశ్న పదేపదే అడుగుతూ అతను తిరుగుతుంటే నాకే పేజీలు దాటేద్దామనిపించింది. పోనీ చివరికి డెనేరిస్‌తో ఒక్క మాటైనా మాట్లాడతాడా? లేదు. గోదాలో వేషం కడతాడు, ఆమె పైనుంచి చూస్తుంది. అక్కడితో సరి.

దీని వెనక పనితనం సమస్య ఒకటుంది. మార్టిన్ దానికి మీరీన్ ముడి అని పేరు పెట్టుకున్నారు. ఈ వరసలో ప్రతి అధ్యాయం ఒక్క మనిషి కళ్లలోంచే నడుస్తుంది. ఆ కళ్లు లేనిచోట ఏం జరిగినా రచయిత చెప్పలేడు. మీరీన్ వైపు ఎంతోమంది బయల్దేరారు. ఎవరు ముందు చేరాలి, ఎవరు తర్వాత, ఒకరి రాకతో ఇంకొకరి కథ ఎలా మారుతుంది? ఈలోగా డెనేరిస్ డ్రాగన్ మీద ఎగిరిపోతే నగరంలో చూసే కన్నే లేదు. చివరికి ముసలి వీరుడు బారిస్టన్‌కి అధ్యాయాలిచ్చి ఆ ముడి విప్పారు. ఇది తెలిశాక ఆ అధ్యాయాలు తిరగేస్తే, ఎప్పుడూ ఎవరికో కాపలా కాసినవాడు మొదటిసారి సొంతంగా నిర్ణయం తీసుకోవాల్సి రావడం అందులో కనిపిస్తుంది. అవసరానికి పుట్టిన అధ్యాయాలని అనిపించవు.

క్వెంటిన్ సంగతీ చెప్పాలి. సముద్రాలు దాటి, దారిలో స్నేహితుల్ని పోగొట్టుకుని, రాణిని పెళ్లాడదామని వచ్చిన రాకుమారుడు. ఆమె ఇంకొకడితో పెళ్లికి సిద్ధంగా ఉంది. డ్రాగన్ని లొంగదీసి తనేమిటో చూపిద్దామని వెళ్లి కాలిపోతాడు. ఐదో పుస్తకంలో కొత్తవాణ్ణి తెచ్చి ఇలా చంపడమెందుకని పాఠకులు మండిపడ్డారు. టీవీ వాళ్లయితే ఆ కుర్రాణ్ణి పూర్తిగా తీసేశారు. ఏడు సముద్రాలు దాటి వెళ్లిన ‘చందమామ’ రాకుమారుడు ఎప్పుడూ గెలుస్తాడు. క్వెంటిన్ కూడా తను అలాంటి కథలోనే ఉన్నాననుకున్నాడు. వాడి చావు నాకు ఈ పుస్తకంలో మిగతా చావులన్నిటికంటే ఎక్కువ గుర్తుండిపోయింది.

రెండు జట్లూ గొడవ మానేసే చోటు ఒకటే, థియాన్ అధ్యాయాలు. స్నేహితుడి ఇంటిని ఆక్రమించి, క్రూరుడు రామ్సే చేతికి చిక్కి, చిత్రహింసల్లో సొంత పేరు కూడా మరచిపోయిన మనిషి. అధ్యాయాల పేర్లు చూస్తే చాలు. మొదట రామ్సే పెట్టిన ‘రీక్’ అనే పేరు, తర్వాత రకరకాల బిరుదులు, చిట్టచివరికి ‘థియాన్’. పేరు తిరిగి సంపాదించుకోవడమే కథ. 1998 నాటి రెండో పుస్తకం తర్వాత అతనికి అధ్యాయమంటూ లేదు. పదమూడేళ్లపాటు ఎవరూ అతని కోసం ఎదురుచూడలేదు, ఎవరూ లెక్కలు కట్టలేదు. పోటీపడాల్సిన ఊహ లేకపోవడంతో ఆ అధ్యాయాల్ని అందరూ ఉన్నవి ఉన్నట్టుగా చదివారు.

ఇక తెగ్గొట్టడం సంగతి. పుస్తకం పొడుగునా రెండు యుద్ధాలకు రంగం సిద్ధమవుతుంది. ఒకటి వింటర్‌ఫెల్ కోట దగ్గర మంచులో కూరుకుపోయిన, సింహాసనం తనదనే స్టానిస్ సైన్యానిది, రెండోది మీరీన్ ముట్టడి. నిడివి పెరిగిపోయి రెండింటినీ తర్వాతి పుస్తకానికి నెట్టేశారు. నా లెక్కలో అసలు నష్టం ఇదే. నెమ్మదిగా నడిచే కథ చివర్లో ఒక్కసారి బద్దలవ్వాలి, ఆ నెమ్మది ఎందుకో అప్పుడు తెలుస్తుంది. అది లేకపోయేసరికి మీరీన్ అంతా ఎటూ తేలని ఏర్పాట్లలా మిగిలిపోయింది. రెండో జట్టు కోపం న్యాయమైనదే. వాళ్లు వేలు పెట్టి చూపించిన చోటే తప్పు. పోయింది ఆఖరి వంద పేజీలు, వాళ్లు తిట్టింది మొదటి తొమ్మిది వందల్ని.

2012లో హ్యూగో అవార్డుల దగ్గర ఒక వింత జరిగింది. ఉత్తమ నవల పోటీలో ఈ పుస్తకం ఉంది, బహుమతి జో వాల్టన్ రాసిన ‘అమాంగ్ అదర్స్’కి వెళ్లింది. అదే కార్యక్రమంలో ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ టీవీ సీరియల్ మొదటి సీజన్‌కి బహుమతి వచ్చింది. మొదటి పుస్తకాన్ని తెరకెక్కిస్తే గెలిచింది, ఐదో పుస్తకం ఓడింది.

తర్వాత్తర్వాత కొందరు పాఠకులు నాలుగో, ఐదో పుస్తకాల్ని కలిపి, ఒక అధ్యాయం ఇందులోంచి ఒకటి అందులోంచి, కాలక్రమంలో చదివే వరుసలు తయారుచేశారు. నేనూ కాగితం ముక్కలు పెట్టుకుని అలా చదివాను. రెండు చేతుల్లో రెండు లావు పుస్తకాలతో మంచం మీద పడుకుని చదవడం కష్టమే కానీ, ఫలితముంది. సెర్సీ రాజధానిలో తన చేతులతో తానే అధికారం పోగొట్టుకుంటూంటే, పక్కపక్కనే గోడ దగ్గర జాన్, మీరీన్‌లో డెనేరిస్. ఒకరిది అనుమానం, ఒకరిది తొందర, ఒకరిది జాలి. ముగ్గురూ కుర్చీ నిలబెట్టుకోలేకపోయారు. రెండు పుస్తకాలుగా విడగొట్టినప్పుడు మరుగునపడిపోయింది ఇదే.

కత్తిపోట్లు తిన్న జాన్ బతికాడో లేదో పుస్తకం ఇంతవరకూ చెప్పలేదు. 2016 మేలో టీవీ చెప్పేసింది. అదే ఏడాది జనవరిలో మార్టిన్, ఆరో పుస్తకం ‘ది విండ్స్ ఆఫ్ వింటర్’ అనుకున్న గడువుకి పూర్తికాలేదని తనే ప్రకటించారు. టీవీ కథ 2019లో ముగిసిపోయింది.

వరస పూర్తయ్యాకే మొదలుపెడదామని ఆగినవాళ్లు ఇక ఆగొద్దు, ఉన్న ఐదూ చదవండి. నాలుగు, ఐదు మాత్రం వెంటవెంటనే చదవండి. చదివినవాళ్లకి ఇంకో మనవి. నాకు రాసేటప్పుడు బాగుందనో బాగోలేదనో రాయకండి. ఏ అధ్యాయం దగ్గర పుస్తకం పక్కన పెట్టేశారో, దాని పేరు రాయండి.