కాగితం కూడా బొమ్మలో భాగమే

కవిత్వం గురించి మాట్లాడేటప్పుడు భావాన్నీ భాషనీ విడదీయలేమంటాం. ఫోటో దగ్గరికొచ్చేసరికి "బొమ్మ బాగుంది" అని ఊరుకుంటాం. అది ఏ కాగితం మీద, ఏ పద్ధతిలో ప్రింటయిందో అడగం. నా ఉద్దేశంలో ఫోటోగ్రాఫరు చెప్పే మాటలో సగం ఆ ప్రింటులోనే ఉంటుంది.

ఆన్సెల్ ఆడమ్స్ 1941లో న్యూ మెక్సికోలోని హెర్నాండెజ్ అనే పల్లె మీద చంద్రోదయాన్ని ఫోటో తీశాడు. నెగటివ్ ఒక్కటే. దాన్నుంచి దశాబ్దాల పాటు ప్రింట్లు వేస్తూనే ఉన్నాడు. తొలినాటి ప్రింట్లలో ఆకాశం బూడిదరంగులో, మబ్బుతునకలతో ఉంటుంది. తరువాతి వాటిలో దాదాపు కటిక నలుపు. పియానో నేర్చిన ఆడమ్స్ నెగటివ్‌ని స్వరలిపితోనూ, ప్రింటుని కచేరీతోనూ పోల్చేవాడు. మన లెక్కలో కీర్తన ఒకటే, పాడినప్పుడల్లా మరో రుచి. నాకు తొలి ప్రింట్లే నచ్చుతాయి. నల్లటి ఆకాశం గంభీరంగానే ఉంటుంది కానీ, దాని కింద ఆ ఇళ్ళూ సమాధుల శిలువలూ స్టేజి మీద అమర్చిన సామానులా అనిపిస్తాయి.

మనకి దగ్గరి ఉదాహరణ రాజా దీన్ దయాళ్ (1844–1905). రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఆరవ నిజాముకు ఆస్థాన ఫోటోగ్రాఫరయిన మహానుభావుడు. ఆ కాలంలో ఎక్కువగా వేసినవి ఆల్బుమెన్ ప్రింట్లు. కోడిగుడ్డు తెల్లసొన పూసిన పల్చటి కాగితానికి వెండి లవణం పట్టించి, దానిమీద గాజు నెగటివ్‌ని ఆనించి ఎండలో పెట్టేవారు. అందుకే నెగటివ్ ఎంతో ప్రింటూ అంతే. గోధుమరంగు ఛాయ, సన్నటి వివరం, ఏళ్ళు గడిచేకొద్దీ తెల్లని చోట్ల పసుపు. ఆ గాజు పలకనే ఇప్పుడు స్కాను చేసి గోడంత ప్రింటు వేస్తే సిపాయి బొత్తాలు లెక్కపెట్టుకోవచ్చు. అయితే ఒళ్ళో పెట్టుకు చూడవలసిన దర్బారు ఆల్బం కాస్తా పోస్టరవుతుంది. పెద్దది చెయ్యడం తప్పనను. నెగటివ్ తేదీ వేసి ప్రింటు తేదీ వెయ్యకపోవడం మాత్రం తప్పే.

ఇదంతా మ్యూజియం గొడవ అనుకోకండి. 1960ల నాటి స్టూడియో ఫోటోలో అమ్మమ్మ ఇంకా స్పష్టంగానే ఉంటుంది. 1970లలో తీసిన పిన్ని పెళ్ళి రంగు ఫోటో ఎర్రబారిపోయి ఉంటుంది. నలుపు తెలుపు ప్రింటులో ఉన్నది వెండి రేణువులు. రంగు ప్రింటులో ఉన్నవి రసాయన రంగులు. ఆనాటి రంగు కాగితాల్లో నీలిఛాయ ఇచ్చే రంగు, ఆల్బం మూసి చీకట్లో దాచినా వెలిసిపోయేది. ఇక్కడ పుట్టిన పిల్లలకి ఆ మనుషులు తెలిసేది ఆ కాగితాల వల్లనే. అందుకని ఎంపిక ముఖ్యం.

అన్నిటికంటే మన్నికైన వాటిలో ప్లాటినం ప్రింటు ఒకటి. లోహం కాగితం పీచులోకే దిగుతుంది. మెరుపుండదు, ఛాయలు మెత్తగా మారతాయి. ఖరీదు కూడా పేరుకి తగ్గట్టే ఉంటుంది. చిక్కటి నలుపు కావాలంటే సిల్వర్ జెలటిన్. పాత కుటుంబ ఫోటోలకి మాత్రం నూలు కాగితం మీద పిగ్మెంట్ ఇంకుతో వేసిన ఇంక్‌జెట్ ప్రింటే సరైనదని నా తీర్పు. దీన్నే "జీక్లే" అని అమ్ముతారు. 1991లో జాక్ డుగేన్ అనే ప్రింటరు పెట్టిన పేరది. ఫ్రెంచిలో చిమ్మడం అని అర్థమొచ్చే మాట నుంచి పుట్టింది. ఆ పేరు చూసి డబ్బివ్వకండి. ఇంకు పిగ్మెంటా, డైయా? కాగితం నూలుదా, కలప గుజ్జుదా? తెల్లదనం కోసం బ్రైటెనర్లు కలిపారా? ఈ మూడూ అడగండి.

లోహపు రేకు మీద వేసే ప్రింట్లు సముద్రానికీ, నగరం దీపాలకీ బాగుంటాయి. అమ్మమ్మ ముఖానికి ఆ తళతళ ఎందుకు? దీపం వెలుగు కనిపిస్తుంది, మనిషి కనిపించదు. ఉన్న సైజు కంటే కొంచెం పెద్దగా, పసుపు ఛాయ పూర్తిగా తుడవకుండా, ముడతలు ముట్టుకోకుండా వేయించండి. అద్దానికి తగలకుండా మధ్యలో అట్ట పెట్టించండి. తేమకి అద్దానికంటుకుపోయిన ఫోటోలు మన కోస్తా ఇళ్ళల్లో ఎన్ని లేవు!

వెనకాల పెన్సిలుతో పేరూ, తీసిన ఏడూ, ప్రింటు వేసిన ఏడూ రాసి పెట్టండి. మన తరువాతివాళ్ళకి ఏది పాతదో, ఏది మన చేతిపనో తెలియాలి.