ఎర్రదారం కట్టిన కాయ

మా మిద్దె మీద ఒక టమాటా తొమ్మిది రోజులు పండి వేలాడింది. దాని కాడకి ఎర్రదారం కట్టాను. పూజ సామాను డబ్బాలో మిగిలిపోయిన మొలతాడు ముక్క అది. రోజూ పొద్దున్నే నీళ్లు పోయడానికి పైకెళ్లినప్పుడు దాన్ని ఒకసారి వేలితో నొక్కి చూసి దిగి వచ్చేసేవాణ్ణి. కూరలోకి మాత్రం వీధి చివర బండి మీద కొనుక్కొచ్చేవాళ్లం. ఇంట్లో కాయ పెట్టుకుని బజారుకెళ్లడమేమిటని మా ఆవిడ అడగడం మానేసి మూడేళ్లయింది.

ఆ కాయ విత్తనానికి. టమాటా పెంచడంలో కిటుకేమిటంటే ఎవరైనా మట్టి గురించి చెబుతారు, వేపపిండి గురించి చెబుతారు. అవన్నీ నాలుగు చెట్లు చంపుకుంటే వచ్చేస్తాయి. నాకు ఇప్పటికీ పట్టుబడనిది ఒకటే. నవనవలాడే కాయని తినకుండా ఉండటం.

ఈ రకం మా పెద్దమ్మది. కర్నూలు జిల్లాలో పత్తికొండ దగ్గర పల్లె. పత్తికొండ పేరు చెబితే టమాటా మార్కెట్టే గుర్తొస్తుంది. ధర పడిపోయిన రోజుల్లో బండి బాడుగ కూడా గిట్టక రైతులు రోడ్డు పక్కన పారబోసిన టమాటాలు ఒకసారి చూస్తే మరిచిపోలేం. అదే పంట 2023 జూలైలో హైదరాబాదులో కిలో 150 దాటి, పెళ్లిభోజనాల్లో చారు పల్చబడేలా చేసింది. ఈ రెండింటితోనూ పెద్దమ్మకి పనిలేదు. ఆవిడ చెట్లు నాలుగే. స్నానాల నీళ్లు పారే చోట, గోడ నీడ పడని పక్క.

ఆ కాయ చూడ్డానికి అంత అందంగా ఉండదు. చదునుగా, అంచులు గాడులు పడి, గుమ్మడికాయకి పిల్ల పుట్టినట్టుంటుంది. తోలు పల్చన. ఎంత పండినా కాడ చుట్టూ పసుపు పోదు. బెజవాడ దాకా లారీలో పంపితే దిగేసరికి రసమే మిగులుతుంది, అందుకే మార్కెట్టుకి పనికిరాలేదు. కానీ కత్తిపీట మీద పెడితే రసం చెక్క మీదుగా కారి చేతికంటుతుంది, ఆ వేలు నాకితే ఒక కన్ను మూసుకుపోతుంది. దీనితో పప్పు చేస్తే చింతపండు అక్కర్లేదు. నిల్వపచ్చడికి ముక్కలు ఎండబెడితే రెండోనాటికే వాసన వీధిలోకి వెళుతుంది. బండి మీద దొరికే కోలకాయలతో అదే పచ్చడి పెట్టి చూడండి, చింతపండు ఎంత దట్టించినా చప్పగానే ఉంటుంది.

ఏడేళ్ల కిందట ఆవిడ నాకు ఖాళీ మాత్రల సీసాలో విత్తనాలిచ్చింది. బూడిద కలిపి, మూత బిగించి. ఇస్తూ చెప్పింది: "తినేదానికి ఏ కాయైనా తిను నాయనా. ఇత్తనానికి మాత్రం కాయను చూడొద్దు, చెట్టును చూడు."

ఆ మాట నాకు అర్థం కావడానికి రెండు పంటలు పట్టింది. మొదటి ఏడాది అన్నిటికన్నా పెద్ద కాయ విత్తనానికి ఉంచాను. అది కాసిన చెట్టుకి అప్పటికే కొసలు ముడుచుకుంటున్నాయి. కాయ లావుగా ఉందిగదా అని పట్టించుకోలేదు. ఆ గింజలతో పెంచిన చెట్లు పూతకొచ్చే ముందే ముడుచుకుపోయాయి. ఆకుముడత గింజలోంచి రాదు, తెల్లదోమ మోసుకొస్తుంది. నిజమే. కానీ అదే దోమ పక్క బకెట్లోని చెట్టు మీదా వాలింది, అది తట్టుకుని నిలబడింది. దాని కాయలు నిమ్మకాయంత ఉన్నాయని నేను పప్పులో వేయించేశాను. పెద్దమ్మ చూడమన్నది ఆ చెట్టుని.

ఇప్పుడు చెట్లు మోకాలెత్తు రాగానే ఒక నోటుపుస్తకంలో రాసుకుంటాను. ఏది ముందు పూసింది, ఏది ముడత తప్పించుకుంది, ఏ కాయ వానకి పగలలేదు. అన్నీ బాగున్న చెట్టు దొరికాక దాని మొదటి కాయ కోసి తింటాం, పులుపు చూడాలి కదా. రెండో గెలలోనో మూడో గెలలోనో నికార్సయిన కాయకి దారం కడతాను. ఏటా ఇలా మూడు నాలుగు చెట్ల నుంచి తీసి కలిపితేనే రకం నిలుస్తుంది.

మిగతా పని మామూలే. వినాయక చవితి దాటాక కొబ్బరిచిప్పల్లో నారు పోస్తాను. పాతిక రోజులకి 20 లీటర్ల పెయింటు బకెట్లలోకి మారుస్తాను, మెడ దాకా పూడ్చి. మట్టిలోకి దిగిన కాండం పొడవునా వేర్లు పుడతాయి. పసుపు డబ్బా మూతలకి ఆముదం పూసి కర్రలకి గుచ్చితే తెల్లదోమ కొంత అంటుకుంటుంది. నీళ్లు ఒకరోజు మరిచిపోయి మర్నాడు రెండింతలు పోయకూడదు, కాయ పగులుతుంది, అడుగు నల్లబడుతుంది.

ఒక్క విషయం మాత్రం నన్ను ఇప్పటికీ మిద్దె మీద నిలబెట్టేస్తుంది. టమాటా పువ్వులో పుప్పొడి బయట ఉండదు, పసుపు గొట్టంలా అతుక్కున్న కేసరాల లోపల ఉంటుంది. కదిపితేనే రాలుతుంది. తేనెటీగకి ఆ విద్య తెలియదు. తుమ్మెదకి తెలుసు. పువ్వుని కాళ్లతో కరుచుకుని, రెక్కలు ఆడించకుండా ఒళ్లు మాత్రం జుమ్మని అదురుతుంది, పుప్పొడి దాని పొట్ట మీద రాలుతుంది. మన కవులు అంత మోజుపడ్డ ఝంకారం నిజానికి కూలిపని. మా వీధిలో తుమ్మెదలు తక్కువ. పొద్దున ఎనిమిది దాటాక ఒక్కో గెలనీ చూపుడువేలితో మెల్లగా మీటుతూ నేనే తిరుగుతాను. పక్క మిద్దె మీద బట్టలారేసే ఆవిడ మొదట్లో విచిత్రంగా చూసేది, ఇప్పుడు వాళ్ల వంకాయ పూలని కూడా మీటమంటోంది.

రెండేళ్ల కిందట వ్యవసాయ శాఖలో చేసి రిటైరైన మిత్రుడొకరు మిద్దెకొచ్చారు. కాయ తిప్పి చూసి, "ఇది నాటు అని ఎవరు చెప్పారండీ? పూసా రూబీ మనవరాలిలా ఉంది" అన్నారు. పూసా రూబీ ఢిల్లీలో భారత వ్యవసాయ పరిశోధన సంస్థ తీసిన రకం. ఒక అమెరికా టమాటాకి, మీరుటి అనే ఇక్కడి రకానికి పుట్టింది. చదునుకాయ, గాడులు, కాడ దగ్గర పసుపు, అన్నీ ఉన్నాయి. ఎప్పుడో సర్కారు విత్తనం సంచి ఒకటి ఆ పల్లెకి చేరి ఉంటుంది. నాకు పట్టరాని ఉక్రోషం వచ్చింది. ఐదేళ్లుగా వచ్చినవాళ్లందరికీ "మా ఊరి పాత రకం" అని గొప్పలు చెప్పుకున్నాను మరి.

తర్వాత తీరిగ్గా ఆలోచిస్తే నవ్వొచ్చింది. అసలు టమాటాయే దక్షిణ అమెరికా నుంచి వచ్చింది. తద్దినం వంటలోకి దాన్ని ఇప్పటికీ రానివ్వరు. అయినా కొన్ని జిల్లాల్లో రామములగ అని పేరు పెట్టి రాముణ్ణి తోడిచ్చాం. సీతాఫలం సంగతీ అంతే, అదీ సముద్రం దాటి వచ్చిందే. ఊరుకోలేక పెద్దమ్మకి ఫోన్ చేసి అడిగాను, ఈ ఇత్తనం ఎక్కడిది అని. "మా అత్త నాటె, నేను నాటితి. నాటితే నాటు కాదా ఏంది?" అని, నీళ్ల మోటారు ఆపాలంటూ పెట్టేసింది.

ఆ మాటలో శాస్త్రం కూడా ఉంది. టమాటా ఎక్కువగా తన పుప్పొడి తనే వాడుకుంటుంది, అందుకే ఇలాంటి రకం గింజ నాటితే మళ్లీ అదే కాయ వస్తుంది. హైబ్రిడ్ కాయ గింజ నాటితే చెట్టుకో తీరు, ఏటా ప్యాకెట్ కొనాల్సిందే. దాన్నేమీ తిట్టను. ఎకరాల్లో వేసే రైతుకి తెగులు తట్టుకునే రకం కావాలి. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ తీసిన అర్క రక్షక్ మూడు తెగుళ్లకి ఓర్చుకుంటుంది, అదీ హైబ్రిడే. నాలుగు బకెట్లవాడికి ఆ అవసరం లేదు.

గింజ తీయడం సులువే గాని వాసనకి ఓర్చుకోవాలి. గింజ చుట్టూ ఉండే జిగురు దాన్ని కాయలో ఉండగా మొలవనివ్వదు. ఆ జిగురు పోవాలంటే గుజ్జుతో సహా గాజు గ్లాసులో వేసి పులవనివ్వాలి. పైన తెల్లగా తెట్టు కడుతుంది, మంచి గింజలు అడుగుకి దిగుతాయి. చలికాలంలో రెండు రోజులు. ఎండ ముదిరాక ఒకటిన్నర చాలు. ఒకసారి ఊరెళ్లి నాలుగోరోజు వచ్చేసరికి గ్లాసులోనే మొలకలొచ్చాయి. కడిగాక ప్లేటులో ఆరబెట్టాలి, కాగితం మీద వద్దు. పోయినేడు పాత పేపరు మీద పోస్తే అంటుకుపోయాయి. గోటితో గీరుతుంటే నా కాలమ్ లోనే రెండు పేరాలు ఊడొచ్చాయి. చదివినవాళ్లెవరూ ఆ లోటు గమనించినట్టు లేదు.

ఈ ఏడు తొందరపడాల్సింది. శివరాత్రి దాటితే మా మిద్దె పెనంలా కాలుతుంది. పువ్వు నిలవదు, కాసిన కాయ కూడా ఎర్రబడదు. 30 డిగ్రీలు దాటిన వేడిలో ఆ ఎరుపు రంగు సరిగ్గా కట్టదు, కాయ నారింజ దగ్గరే ఆగిపోతుంది. ముడత తప్పించుకున్న ఒకే ఒక్క చెట్టుకి ఒకే ఒక్క దారం. పదోనాడు కోద్దామనుకున్నాను.

పదోనాడు పొద్దున పైకెళితే కాయ లేదు. కిందికొస్తే వంటింట్లో చారు పొంగు వాసన. ముందురోజే రాజమండ్రి నుంచి మా అత్తగారు వచ్చారు.

"దిష్టికి కట్టారనుకున్నానండీ అల్లుడుగారూ. దారం జాగ్రత్తగా విప్పి కిటికీలో పెట్టాను" అన్నారు. "చారు మాత్రం చూడండి, అరచెంచా చింతపండు కూడా వేయలేదు."

రెండు గ్లాసులు తాగాను. ఏం చేస్తాను? తాగాక కత్తిపీట అడిగి తీసుకుని కిటికీ దగ్గర కూర్చున్నాను. చెక్క మీది సందులో, అలుగు మొదట్లో గింజలు కొన్ని అంటుకుని ఉన్నాయి. చెంచా కొసతో ఒక్కొక్కటీ గ్లాసులోకి దించుతుంటే అత్తగారు కళ్లజోడు పెట్టుకుని పక్కన కూర్చుని లెక్కపెట్టారు. పదకొండు.