రెండు నాట్యాల పొత్తు

కూచిపూడినీ బాలి దీవి నాట్యాన్నీ ఒకే రూపకంలో ఆడిస్తానని ఈ పుస్తకం రాసిన అమ్మాయి చెప్పినప్పుడు నాకు సంబరం కన్నా భయమే ఎక్కువైంది. కాసేపు ఇది, కాసేపు అది చూపించి చప్పట్లు కొట్టించుకునే ప్రదర్శనలు చాలా చూశాను. విజయవాడలో ఈ వాలివధ సాధన చూశాక, రాతప్రతి చదివాక ఆ భయం పోయింది.

కథ ఎంపికలోనే ఆమె వివేకం తెలుస్తుంది. బాలివాళ్ల లెగోంగ్ నాట్యం ఆడే కథల్లో వాలి సుగ్రీవుల పోరు ఒకటి. అందుకని పోరును వాళ్ల పద్ధతికి వదిలి, తార శోకాన్ని కూచిపూడికి ఇచ్చింది. లెగోంగ్ నర్తకి ముఖం దాదాపు కదలదు; కనుపాపలు మాత్రం తాళం దెబ్బకు చటుక్కున పక్కకు దూకుతాయి. మన అభినయంలో చెయ్యి ఎటు పోతే చూపు అటు పోవాలి. రెంటినీ ఒక్క దేహంలో కుక్కితే రెండూ చెడేవి. సంగీతమూ అంతే. గామెలాన్ అనే వాళ్ల కంచు మేళంలో జంట వాయిద్యాలను కావాలనే కాస్త తేడాగా శ్రుతి చేస్తారు. నాదం అలలా వణికేది ఆ తేడా వల్లే. మన తంబురాతో అది పొసగదు. అందుకే వాలి కూలగానే గామెలాన్ ఆపేసింది. కాసేపు ఏ చప్పుడూ ఉండదు. తర్వాత నట్టువాంగం తాళాలు మాత్రమే మోగుతాయి, ఆపైన తార ప్రవేశ దరువు మొదలవుతుంది. అక్కడ నా కళ్లు చెమర్చాయి.

సంప్రదాయం చెడుతుందనే పెద్దలకు ఒక మాట. మగవాళ్లే ఆడిన కూచిపూడిని వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రిగారు ఆడవాళ్లకు నేర్పారు. వెంపటి చినసత్యంగారు 1963లో మద్రాసులో అకాడమీ పెట్టి నృత్యనాటకానికి కొత్త రూపు దిద్దారు. అయినా సత్యభామ జడ పొడవు తగ్గలేదు. ఇక బాలితో పొత్తు అంటారా, పేరిణి నాట్యానికి మళ్లీ ప్రాణం పోసిన నటరాజ రామకృష్ణగారు పుట్టింది బాలిలోనే. ప్రాచీన భూగోళవేత్త టాలెమీ పేర్కొన్న కంటకొస్సిల రేవు మన ఘంటసాలేనని చరిత్రకారుల మాట. ఈ కృష్ణాతీరం నుంచి తూర్పు సముద్రం మీద ఓడలు నడిచాయి. ఇది కొత్తగా కలుపుకున్న చుట్టరికం కాదు.

ఒక్క కొరత. జతులన్నీ వివరంగా ఇచ్చిన రచయిత్రి తార దరువుకు స్వరలిపి ఇవ్వలేదు. మలిముద్రణలో అది చేరాలి.

కూచిపూడి నేర్పే గురువులు ఈ పుస్తకాన్ని అల్మారాలో పెట్టెయ్యకుండా, యుద్ధఘట్టాన్నీ తార ప్రవేశాన్నీ శిష్యులచేత ఒక్కసారి ఆడించి చూడాలని నా మనవి.