వీరునకు కొలత

ఆలంకారికులు ధీరోదాత్తునకు లక్షణములు చెప్పిరి. సంఘవీరునకు కొలత యేది? పొట్టి శ్రీరాములుగారు 1952లో మదరాసున 58 దినములు నిరశనముండి డిసెంబరు 15న అసువులు బాసిరి; 1953లో ఆంధ్రరాష్ట్ర మవతరించెను. చిత్తూరు జిల్లాలోని తిరుత్తణి 1960 ఏప్రిలు 1న మదరాసు రాష్ట్రమున చేరెను. అందులకై పోరాడిన మ. పొ. శివజ్ఞానముగారు మన పొరుగువారికి వీరులు. సరిహద్దుతో కొలిచిన వీరత్వము సరిహద్దుకడనే నిలిచిపోవును.

కాని శ్రీరాములుగారు 1946లో నెల్లూరు మూలపేట వేణుగోపాలస్వామి యాలయమున హరిజనుల ప్రవేశమునకై యుపవసించిరి. అక్కడ ఎదుట నున్నవారు పరులు కారు, తనవారే. మన సభలలో రాష్ట్రదాతకు పూలమాల వేయుదుము; ఆ తొలి వ్రతమును తలపము. తనవారి తప్పును తన దేహమొడ్డి ప్రశ్నించినవాడే వీరుడు. ఆ కొలతకు తిరువళ్లూరైనను, తిరుత్తణియైనను పొలిమేర లేదు. మన పిల్లలకు ముందుగా ఈ కథ చెప్పవలయును.