మాస్కో వంటింటి కబుర్లు

రష్యా అనగానే మా గరిడేపల్లి వైపు ఇళ్ళల్లో మొదట గుర్తొచ్చేవి పుస్తకాలే. గోర్కీ 'అమ్మ' ఒకటి, నున్నటి కాగితం మీద రంగురంగుల 'సోవియట్ భూమి' ఒకటి. ఆ పత్రిక కాగితాలతోనే మా పిల్లల నోటుపుస్తకాలకు అట్టలు వేసేవాళ్ళం. ఆ బొమ్మల్లో అందరూ నవ్వుతూనే ఉండేవారు. వాళ్ళు సరుకుల కోసం ఎంత పొడుగు క్యూలో నిలబడ్డారో మాత్రం ఏ బొమ్మా చెప్పలేదు. 1991 డిసెంబరు 25న గోర్బచేవ్ రాజీనామా చేశాక రష్యా అంటే మనకు పేపర్లో నాయకుల ఫోటోలే మిగిలాయి. ముందు యెల్ట్సిన్, తరువాత పుతిన్.

ఆ ఫోటోల వెనక ఇల్లు ఎలా ఉందో చూపించిన పుస్తకం స్వెత్లానా అలెక్సియెవిచ్ 'సెకండ్ హ్యాండ్ టైమ్'. 2013లో వచ్చింది. 2015లో ఆవిడకు నోబెల్ బహుమతి ఇచ్చారు. తండ్రిది బెలారస్, తల్లిది ఉక్రెయిన్. ఆవిడ రాసింది అనడం కంటే విన్నది అంటేనే బాగుంటుంది. కమ్యూనిజం పోయిన తరువాత ఇరవై ఏళ్ళ పాటు మామూలు మనుషులు చెప్పుకున్న గోడు ఇది.

పుస్తకమంతా వంటిళ్ళే! పూర్వం అక్కడ రాజకీయం మాట్లాడుకోవాలంటే వంటింట్లోనే. గోడలకు చెవులుంటాయని రేడియో గట్టిగా పెట్టి, గుసగుసగా. స్వేచ్ఛ వస్తే చాలుననుకున్నారు పాపం. స్వేచ్ఛతో పాటు ధరలూ వచ్చాయి. 1992 జనవరి 2న ధరల మీద అదుపు తీసేశారు. జీవితమంతా కూడబెట్టిన సొమ్ము నెలల్లో చిల్లరైపోయింది. చదువుకున్న ఆడవాళ్ళు బజార్లో నిలబడి సామాన్లు అమ్ముకున్నారు. బ్రెస్ట్ కోట కోసం పోరాడి బతికిన ఒక ముసలి సైనికుడు ఆ ఏడే రైలు కింద పడి చచ్చిపోయాడు. ఆ కథ చదివాక పుస్తకం కాసేపు మూసేశాను.

అన్నట్టు, 1997లో గోర్బచేవ్ గారు పిజ్జా హట్ ప్రకటనలో నటించారు! హోటల్లో ఒక కుటుంబం ఆయన మంచి చేశాడా చెడు చేశాడా అని పోట్లాడుకుంటుంది. చివరికి ముసలమ్మ, ఆయన వల్లే కదా పిజ్జా తింటున్నాం అని తగువు తీరుస్తుంది. పడమటి దేశాలవాళ్ళు నవ్వుకున్నారు. రష్యాలో మాత్రం దాన్ని చూపించలేదు.

ఈ చిన్నతనమే నాకు పుస్తకంలో అసలు సంగతిగా తోచింది. పరువు పోయిన ఇంట్లో, "మనమూ గొప్పవాళ్ళమే" అని గట్టిగా అనేవాడికి పీట వేస్తారు. 1999 డిసెంబరు 31న యెల్ట్సిన్ దిగిపోయి పుతిన్ చేతికి పగ్గాలిచ్చాక జనం ఎందుకు ఊరడిల్లారో ఏ సంపాదకీయం కంటే ఈ వంటిళ్ళే బాగా చెప్తాయి. 2014లో క్రిమియా, 2022లో ఉక్రెయిన్ మీద యుద్ధం - ఇవేవీ ఆ బాధ వల్ల న్యాయమైపోవు. ఆ నిప్పుకు పుల్లలు ఎక్కడివో మాత్రం తెలుస్తుంది.

ఇలాంటి పుస్తకం మనకు ముందే ఉంది. స్త్రీశక్తి సంఘటన వారు 1986లో వేసిన 'మనకు తెలియని మన చరిత్ర'. తెలంగాణ సాయుధ పోరాటంలో తుపాకి పట్టిన, కబురు మోసిన ఆడవాళ్ళ మాటలవి. 1951లో మన నాయకులు మాస్కో వెళ్ళి స్టాలిన్‌ను కలిసి వచ్చారు. అక్టోబరులో పోరాటం ఆపేశారు. ఇక ఇళ్ళకు వెళ్ళండన్నారు. వెళ్ళిన ఇల్లు ఎలా ఉందని ఆ ఆడవాళ్ళను అడగడానికి మరో మూడు దశాబ్దాలు పట్టింది. రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టి చదివితే సూర్యాపేట పల్లెకూ మాస్కోకూ దూరం అంతగా అనిపించదు.

లోపం లేదనను. అలెక్సియెవిచ్ పుస్తకంలో ఏడుపు మీద ఏడుపు పేర్చడం ఎక్కువ. ఎవరి గొంతు ఎవరిదో కలిసిపోతుంది. పడమటి దేశాలు సలామీ, జీన్సు ప్యాంట్లు పెట్టిన అంగడి అద్దంలాగే కనిపిస్తాయి. 1999లో పోలండ్, హంగరీ, చెక్ దేశాలు నాటోలో చేరితే ఆ వంటిళ్ళలో ఏమనుకున్నారో ఇంకాస్త వినాలనిపించింది. మన పుస్తకంలో ఆడవాళ్ళు ఏడుస్తూనే మధ్యలో నవ్విస్తారు, నాయకులను పేరు పెట్టి నిలదీస్తారు. నా మట్టుకు నాకు అదే ఒక పిసరు ఎక్కువ.

ఇంగ్లీషు అనువాదం దొరుకుతుంది, లావుపాటి పుస్తకం. ఒక్క బిగిని చదవబోకండి. రోజుకొకరి మాట చాలు.